మూడు కాలమ్‌ల హెడ్డింగు

మంగళవారం సాయంత్రం ఆరున్నర దాటింది. ‘జనరేఖ’ జిల్లా పేజీలు ఏడున్నరకల్లా ఏలూరు డెస్క్ నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళిపోవాలి. అచ్చయ్యేది అక్కడ. మొదటి రెండు పేజీలూ వెళ్ళిపోయాయి. మూడో పేజీలో మాత్రం పైన మూడు కాలమ్‌ల జాగా ఖాళీగా ఉంది. అక్కడ పెడదామనుకున్న వార్త ఆఖరి నిమిషంలో మొదటి పేజీకి ఎక్కేసింది. పేజీలు పెట్టే కృపానందం కుర్చీలో వెనక్కి వాలి, "ఏదో ఒకటి ఇవ్వండి గౌస్ గారూ, గూడెం నుంచి ఫోన్లు మొదలవుతాయి" అన్నాడు.

గౌస్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి ఫ్యాక్స్ కాగితాల కట్ట ముందుకు లాక్కున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా అతను చేస్తున్న పని ఇదే. ఊళ్ళ నుంచి విలేకరులు పంపిన వార్తలు చదవడం, దిద్దడం, జాగాకి సరిపడా కోయడం, పైన హెడ్డింగు పెట్టడం. మొదటి మూడూ ఎవరైనా చేస్తారు. నాలుగో దాంట్లో అతని చెయ్యి వేరు. గూడెం మార్కెట్లో ఉల్లి ధర పడిపోయిన రోజున ‘కోయకుండానే కన్నీళ్ళు’ అని పెట్టింది అతనే. భీమడోలు దగ్గర రోడ్డు పాడైనప్పుడు ‘గోతుల మధ్య రోడ్డు.. దొరికితే చెప్పండి’ అన్నదీ అతనే. మర్నాడు పొద్దున్న టీ కొట్టు దగ్గర ఎవరో అది పైకి చదివి నవ్వితే, గౌస్ పక్కనే నిలబడి టీ తాగి వచ్చేసేవాడు.

కట్టలో మూడో కాగితం మీద వీరాస్వామి చేతిరాత కనిపించింది. వీరాస్వామి కొల్లేరు ఊళ్ళ విలేకరి. ఊళ్ళో జిరాక్స్ కొట్టు నడుపుకుంటూ వార్తలు పంపుతుంటాడు. మొయ్యేటిలంక ఎలిమెంటరీ స్కూల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక ముప్పై ఒక్కమంది పిల్లలకు కడుపులో మంట, వాంతులు. ఆటోల్లో ఆస్పత్రికి తీసుకెళ్ళి సెలైన్లు పెట్టించారు. సాయంత్రానికి అందరూ తేరుకున్నారు. బళ్ళో వండేది విక్టోరియా అనే ఆమె. చెడిపోయిన సాంబారు చూసుకోకుండా వడ్డించిందనీ, ఇదంతా ఆమె నిర్లక్ష్యమేననీ విద్యా కమిటీ చైర్మన్ అన్నాడు. ఇది మొదటి కాగితం. రెండో కాగితంలో ఇంకో పది లైన్లున్నాయి.

పిల్లలంతా కులాసాగా ఉన్నారు కనుక విషాదం లేదు. అలాంటి వార్త మీద కాస్త ఆడుకోవచ్చు.

రెండో కాగితం ‘ఇదిలా ఉండగా’ అని మొదలైంది. విలేకరులు చెప్పాల్సింది అయిపోయాక ‘ఇదిలా ఉండగా’ అని ఎత్తుకుని ‘గమనార్హం’ అని దించుతారు. ఆ రెంటి మధ్య ఉన్నది కోసేస్తే ఏ పేజీకీ ఎప్పుడూ నష్టం రాలేదు. గౌస్ దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి ట్రేలో పడేశాడు. మొదటి కాగితం కృపానందం ముందు పెట్టాడు.

ఇక హెడ్డింగు. మూడు కాలమ్‌లు, పెద్ద అక్షరాలు, పది పన్నెండుకి మించి పట్టవు. ‘బడి భోజనం వికటించి..’ పాతది. ‘అన్నం కాదు, ఆపద’ చప్పగా ఉంది. గౌస్ పెన్ను మూతతో బల్ల మీద మెల్లగా దరువు వేశాడు. వంట. వంట మనిషి. వంటామె. వంటమ్మ. మాట నోట్లో రెండుసార్లు తిరిగింది. మూడోసారి జోడీని వెంటబెట్టుకొచ్చింది.

"రాసుకో" అన్నాడు కృపానందంతో. "వంటమ్మా.. ఇదేం మంటమ్మా!"

కృపానందం టైపు చేస్తూనే నవ్వాడు. అక్షరాలు మూడు కాలమ్‌ల ఈ చివరినుంచి ఆ చివరిదాకా కొలిచినట్టు సరిపోయాయి. ఏడూ ఇరవై రెండుకి పేజీ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న గూడెం నుంచి పాపారావు ఫోన్ చేశాడు. జిల్లా ఎడిషన్ చూసేది ఆయనే. "మీటింగులో మీ హెడ్డింగే పైకి చదివానండీ, గౌస్ గారూ. కుర్రాళ్ళకి చెప్పాను, చూసి నేర్చుకోండ్రా అని" అన్నాడు. గౌస్ "ఏదో లెండి సార్" అన్నాడు గానీ, ఆ మాట చెవిలో చాలాసేపు తియ్యగా ఉంది.

ఇంట్లో మహమూదా పేపరు పరుచుకుని దాని మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నిన్నటిది అయ్యుంటుందనుకున్నాడు, ఇవాళ్టిదే. ఏ హెడ్డింగు ఎవరిదో ఆమె ఎప్పుడూ అడగదు, అతనూ చెప్పడు. ఆమె చేతిలో కాయ అలాగే పట్టుకుని మూడో పేజీ మీదికి వంగింది.

"సాంబారు చెడిపోతే వాసన కొడుతుంది కదండీ" అంది. "ముప్పై మందికి వడ్డించేదాకా ఒక్కళ్ళకీ తెలీలేదా? పిల్లలు ముందు మూతి పెట్టగానే ఉమ్మేస్తారు."

"ఏమో. చైర్మన్ చెప్పాడట."

"ఆయన తిన్నాడా?"

గౌస్ చొక్కా వేసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం వీరాస్వామి ఏదో ప్రకటన కాగితం ఇవ్వడానికి ఏలూరు వచ్చాడు. డెస్క్‌లో ఇంకా ఎవరూ రాలేదు. గౌస్ ఒక్కడే ఆ రోజు కట్టలు విడదీసి పెడుతున్నాడు. వీరాస్వామి ప్రకటన ఇచ్చేసి వెళ్ళకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చోవయ్యా."

"వద్దులెండి. బస్సుంది." బల్ల అంచు వదలకుండానే, "విక్టోరియాని తీసేశారండి" అన్నాడు.

"ఎవరు?"

"నిన్న బళ్ళో మీటింగ్ పెట్టారండి. చైర్మన్ గారు మన పేపరు చేత్తో పట్టుకుని చదివారు. పేపర్లోనే వేశారు, ఇంకా మనం చెప్పేదేముందన్నారు. ఆమె నోరెత్తితే ఒట్టు. ఇవాళ్టినుంచి వేరే ఆమె వండుతోంది." వీరాస్వామి కిటికీ వైపు చూశాడు. "ఎప్పట్నుంచో కొందరికి ఇష్టం లేదండి, ఆ పేటామె వండటం. ఐదిళ్ళవాళ్ళు పిల్లలకి క్యారేజీ కట్టి పంపుతారు గానీ ఆమె చేతి వంట తినిపించరు. వాళ్ళకిప్పుడు పండగ."

"చెడిపోయిన సాంబారు పోస్తే తియ్యరా మరి?"

వీరాస్వామి విచిత్రంగా చూశాడు. "చివర్లో రాశాను కదండీ."

"ఏం రాశావు?"

"రెండో కాగితంలో సార్."

గౌస్ ట్రే కింద పాత కట్ట తీశాడు. మంగళవారం కాగితాలు ఇంకా చెత్తలోకి పోలేదు. ఎర్ర గీత కింద వీరాస్వామి అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. ‘ఇదిలా ఉండగా, బడి భోజనం ముట్టకుండా ఇంటినుంచి తెచ్చుకున్న క్యారేజీలు తిన్న ఐదుగురు విద్యార్థులు కూడా అస్వస్థతకు గురయ్యారు. వీరు బడి తొట్టెలో నీళ్ళు మాత్రమే తాగారు. తొట్టె నింపే కాలువలోకి సోమవారం సమీపంలోని చేపల చెరువు నీటిని వదిలారు. చేపలకు పేను పట్టినందున ఆ చెరువులో రెండు రోజుల ముందే మందు కలిపినట్లు స్థానికులు చెప్పడం గమనార్హం.’

గౌస్ అది రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడు వేలు లైను వెంట నడిపించాడు, ప్రూఫు చూసే అలవాటుతో.

"చెరువెవరిది?"

"చైర్మన్ గారిదేనండి." వీరాస్వామి గొంతు తగ్గింది. "మళ్ళీ రాయమంటే రాస్తానండి. కానీ నా పేరు బయటికి రాకూడదు సార్. మా తమ్ముడు ఆ చెరువు కాపలా. అసలు ఆ పేరా పేపర్లో రానందుకు బుధవారం నాకు కొంచెం ధైర్యంగానే ఉందండి, అబద్ధమెందుకు."

మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. "ఇంకోటి సార్. పిల్లలు పాడుతున్నారండి."

"ఏం పాడుతున్నారు?"

"మీ హెడ్డింగే" అని, తనే సిగ్గుపడ్డట్టు తల వంచుకుని దిగిపోయాడు.

గౌస్ పాపారావుకి ఫోన్ చేశాడు. సంగతంతా చెప్పి, రేపటి పేజీలో సవరణ వేద్దామన్నాడు. అవతల పాపారావు ఎవరికో ఏదో చెప్పి మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"నిర్లక్ష్యం అని మనమన్నామా గౌస్ గారూ? చైర్మన్ అన్నాడు. ఆయన అన్నట్టే వేశాం. తప్పెక్కడుంది?"

"హెడ్డింగు మనం అన్నదే కదండీ."

"హెడ్డింగుకి సవరణ ఎక్కడైనా వేస్తారా?" పాపారావు నవ్వాడు, మంచిగానే. "సరే, నీళ్ళ సంగతి అంటున్నారు కాబట్టి నాలుగు లైన్లు రాసి పెట్టండి. చూద్దాం."

శుక్రవారం గౌస్‌కి వారపు సెలవు. పొద్దున్నే స్నానం చేసి, మధ్యాహ్నం నమాజుకి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని, మసీదు వైపు కాకుండా బస్టాండు వైపు నడిచాడు. కైకలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా నేల పల్లమైంది. రెండేళ్ళ కిందట ప్రభుత్వం కొట్టేయించిన చెరువుల గట్లు అక్కడక్కడ తెగిన వేళ్ళలా మిగిలి ఉన్నాయి. వాటి మధ్య గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుంది. ఇంకా ముందుకెళితే కొట్టేయని చెరువులు, వాటి మీద తిరిగే గాలిచక్రాలు, మేత బస్తాలు దింపే లారీలు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళ పేర్లు రోజూ దిద్దుతున్నాడు. ఏ పేరుకి ఒత్తు ఎక్కడొస్తుందో తెలుసు. దిగి చూసింది మాత్రం మూడు నాలుగే.

చప్టా దగ్గర దిగి గట్టు మీద మైలున్నర నడిచాడు. కాళ్ళకి బంక మన్ను అంటుకుంది. బడి చేరేసరికి పన్నెండున్నర.

బడి ముందు రేకుల పాకలో కొత్త వంటామె పొయ్యి ఊదుతోంది. అన్నం ఇంకా దిగలేదు. పిల్లలు కంచాలు పట్టుకుని వరండాలో వరసగా నిలబడ్డారు. గౌస్ ప్రహరీ పక్కనున్న సిమెంటు తొట్టె దగ్గరికెళ్ళి మూత కొంచెం జరిపాడు. లోపల నీళ్ళు లేవు. గోడలకి కొత్తగా సున్నం కొట్టారు, ఆ వాసన ఇంకా ఘాటుగా ఉంది. మూత మీద కూడా చుక్కలు పడి ఉన్నాయి. పక్కనే అరుగు మీద ఎక్కడినుంచో తెచ్చిన నీళ్ళ క్యాన్లు నాలుగు పెట్టారు. వంట తప్పయితే తొట్టె కడిగించాల్సిన పని ఎవరికొచ్చిందని అతను అనుకుంటూ ఉండగానే వెనక కంచాల మోత మొదలైంది.

ముందు ఒక్క కంచం, తర్వాత నాలుగు, తర్వాత అన్నీ.

"వంటమ్మా వంటమ్మా, ఇదేం మంటమ్మా!
 కడుపులో మంటమ్మా, ఇంటికి పోవమ్మా!"

దరువు సరిగ్గా పడుతోంది. రెండో లైను వాళ్ళు సొంతంగా కట్టుకున్నారు, మొదటి దానికి అతికినట్టుంది. నవ్వుతూ పాడుతున్నారు. ఎవరి మీదా కోపం లేదు వాళ్ళకి. ఆకలి మీద ఉన్నారు, పాట బాగుంది, పాడుతున్నారు. లోపలినుంచి మేష్టారు "ఏయ్" అని ఒకసారి కేకేసి ఊరుకున్నాడు. గౌస్ తొట్టె మూత మళ్ళీ యథాస్థానానికి జరిపి, చేతులకంటిన సున్నం దులుపుకుంటూ బయటికి నడిచాడు.

విక్టోరియా ఇల్లు చర్చి వెనక వీధిలో. వాకిట్లో బోర్లించిన రెండు పెద్ద గిన్నెలు, ఒక గుండిగ, గరిటెలు. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, కొంగు నడుముకి దోపుకుని గుండిగ లోపలికి సగం దూరి బూడిదా చింతపండుతో తోముతోంది. అరుగు మీద తొమ్మిది పదేళ్ళ పిల్ల స్కూలు యూనిఫారంలోనే కూర్చుని ఉంది. పక్కన పుస్తకాల సంచి ఉంది.

"విక్టోరియా గారంటే మీరేనాండి?"

ఆమె గుండిగలోంచి తల బయటికి తీసింది. తెల్లచొక్కా, చేతిలో సంచీ చూసి లేచి నిలబడింది. "వందనాలండి. బడి నుంచి వచ్చారాండి? అయిపోవచ్చింది, సాయంత్రానికి అప్పజెప్పేస్తాను. సామాను బడిదే గదండీ. మురికిగా ఇచ్చిందన్న మాట ఒకటి పడటం దేనికని."

"బడి నుంచి కాదమ్మా. ఏలూరు నుంచి. జనరేఖ పేపరు."

ఆమె చేతులు కడుక్కుంది. లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోమని చెప్పి మళ్ళీ గుండిగ దగ్గరికే వెళ్ళి కూర్చుంది. అంచు చుట్టూ వేళ్ళతో రుద్దుతూ, "చెప్పండి" అంది.

బస్సులో గౌస్ చాలా మాటలు కూర్చుకున్నాడు. అవేవీ రాలేదు. "ఆ హెడ్డింగు పెట్టింది నేనేనమ్మా. నీళ్ళ సంగతి మా విలేకరి రాశాడు. జాగా లేదని కోసింది కూడా నేనే. అది చదవకుండా కోశాను" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగలేదు. తోమే చప్పుడు మాత్రం కాస్త నెమ్మదించింది.

"ఇదిగో, దీవెన చదివి వినిపించిందండి నాకు" అంది కూతుర్ని చూపించి. "అమ్మా, పేపర్లో నీ పేరుందే అని పరిగెత్తుకొచ్చింది. నాకు చదువు రాదు, సంతకం వరకే. సంబరపడ్డానండి ముందు. మూడేళ్ళుగా వండుతున్నాను, ఎవరన్నా మంచిగా చెప్పారేమోననుకున్నాను."

దీవెన అరుగు దిగి వచ్చి అతనికి కాస్త దూరంలో నిలబడింది.

"మీరే రాశారాండి?"

"అవునమ్మా."

"ఎందుకండి అలా రాశారు?"

గౌస్‌కి తెలిసిన జవాబు ఒక్కటే ఉంది. "చదవడానికి బాగుంటుందని."

పిల్ల ఆలోచించింది. "బాగానే ఉందండి" అంది. "అందుకే అందరూ పాడుతున్నారు. మా క్లాసులో రమ్యకి అసలు ఏ పద్యమూ నోటికి రాదు. దానికి కూడా వచ్చేసింది."

"నువ్వు బడికి వెళ్ళటం లేదా?"

"తయారవుతోందండి రోజూ" అంది విక్టోరియా. "బట్టలేసుకుంటుంది, జడ వేయించుకుంటుంది. ఆ అరుగు దిగదు."

గుండిగలో నీళ్ళు పోసి తిప్పి పారబోసింది. బూడిద నీళ్ళు గౌస్ చెప్పుల పక్కనుంచి పారి వీధి కాలువలో కలిశాయి.

"మళ్ళీ పేపర్లో వేస్తారాండి?"

"నాలుగు లైన్లు వేస్తామన్నారు. అదీ ఖాయంగా చెప్పలేను."

"ఖాయంగా అయినా వద్దులెండి. నాలుగు లైన్లు ఎవరు పాడతారు?" మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారంట కదండీ. నేనొస్తాను. మీకు రాయటం వచ్చు కదా, అర్జీ రాసిపెట్టండి. మా పాస్టరు గారు రాస్తానన్నారు గానీ ఆయన రాస్తే ప్రార్థనలాగా ఉంటుంది."

దీవెన నోట్‌బుక్ మధ్యలోంచి జాగ్రత్తగా ఒక కాగితం తీసి ఇచ్చింది. గౌస్ సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టి మొదలుపెట్టాడు. ‘అయ్యా, నిరుపేద మహిళనైన నేను కన్నీటితో విన్నవించుకునేదేమనగా’ అని రాసి, చదివాడు.

"కన్నీళ్ళు వద్దండి" అంది విక్టోరియా. "జరిగింది రాయండి."

కొట్టేశాడు. ఆమె చెబుతుంటే రాశాడు. సోమవారం కాలువ నీళ్ళు ఏ రంగులో వచ్చాయో చెప్పింది. మంగళవారం ఎన్ని కేజీల బియ్యం పోసిందో, సాంబారులో ఏమేం వేసిందో, ఎన్నింటికి దించిందో చెప్పింది. తనూ అదే సాంబారు పోసుకుని తిన్నానంది. వంటకి ఉప్పగా ఉండే బోరింగు నీళ్ళే వాడుతుందట, తాగే నీళ్ళు మాత్రం ఇంటినుంచి సీసాలో తెచ్చుకుంటుందట. క్యారేజీలు తెచ్చుకునే ఐదుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా చెప్పింది. "నా చెయ్యి తగిలింది తినని పిల్లలండి వాళ్ళు. వాళ్ళకెట్లా వచ్చాయి వాంతులు? అది అడగండి." బుధవారం పొద్దున్నే తొట్టెకి సున్నం కొట్టిన మనిషి పేరు చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. ఒక్క అక్కరలేని మాట లేదు. గౌస్ చేతికి దిద్దే పని దొరకలేదు.

"ఇంక పేపరు సంగతి రాయండి. అది చూపించే కదా తీసేశారు."

‘ఒక దినపత్రికలో వచ్చిన శీర్షిక కారణంగా’ అని రాసి వినిపించాడు.

"పత్రికంటే ఎవరండి?"

"జనరేఖ అని రాయమంటారా?"

"అది పేపరు పేరు. రాసిన మనిషికి పేరుంటుంది కదండీ. నా పేరు వేశారు కదా."

వీధిలో ఎవరో సైకిలు మీద చేపల తట్టతో వెళుతున్నారు. గౌస్ ఆ సైకిలు మలుపు తిరిగేదాకా చూశాడు. పెన్ను మూత పెట్టి, "ఇంటికెళ్ళి ఫెయిర్ చేసి తెస్తానమ్మా. సోమవారం పదింటికి కలెక్టరేటు గేటు దగ్గరుంటాను" అన్నాడు.

"మీ ఇష్టమండి" అందామె. రెండో గిన్నె దగ్గరికి జరిగింది.

శనివారం గౌస్ డెస్క్‌లో నాలుగు లైన్లకి బదులు పద్నాలుగు లైన్లు రాశాడు. ‘మొయ్యేటిలంక బడి ఘటనకు వంట మనిషి కారణం కాదు: తొట్టె నీటిపైనే అనుమానాలు’ అని హెడ్డింగు పెట్టాడు. కృపానందం అది చూసి, "ఇది మీదేనా సార్? రెండు లైన్లలో కూడా పట్టట్లేదు" అన్నాడు. "అక్షరాలు చిన్నవి చెయ్యి" అన్నాడు గౌస్. పేజీ సరిగ్గానే వెళ్ళింది. ఆదివారం పొద్దున్న పేపర్లో ఆ జాగాలో ఒక చేపల మేత కంపెనీ ప్రకటన ఉంది. గూడెంకి ఫోన్ చేస్తే పాపారావు, "వచ్చే వారం చూద్దాం గౌస్ గారూ. మీరు దీన్ని మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నం తెల్ల కాగితాలు ముందేసుకుని అర్జీ ఫెయిర్ చేస్తుంటే మహమూదా వచ్చి భుజం మీదుగా చదివింది. మధ్యలో ఆగి, "ఆ మంటమ్మ మీరు రాసిందా?" అంది.

"ఊఁ."

ఆమె వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు అతని పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. కాగితంలో చివరికి వచ్చేసింది చూసి, "ఒక దినపత్రిక అంటే సరిపోతుందాండి?" అంది.

"పేరు పెడితే ఉద్యోగం పోవచ్చు."

"పోవచ్చు" అంది మహమూదా. అది ప్రశ్నో జవాబో తెలియలేదు. గ్లాసు అక్కడే ఉంచి వెళ్ళిపోయింది.

సోమవారం పదింటికి కలెక్టరేటు వరండాలో అప్పటికే యాభై మంది లైన్లో ఉన్నారు. పింఛన్లు, పట్టాలు, రేషను కార్డులు. విక్టోరియా ఉతికిన చీర కట్టుకుని లైను మధ్యలో నిలబడి ఉంది. పక్కన దీవెన. యూనిఫారంలోనే వచ్చింది. గౌస్ తెచ్చిన కాగితాలు ఇస్తే విక్టోరియా వాటిని కూతురి చేతికిచ్చింది.

"చదువమ్మా."

పిల్ల వేలు పెట్టి, గట్టిగా, బళ్ళో పాఠం చదివినట్టు చదివింది. ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి విన్నాడు. నీళ్ళ రంగు, సాంబారు, ఐదుగురి పేర్లు, సున్నం. ‘ఒక దినపత్రికలో వచ్చిన శీర్షిక కారణంగా నన్ను తొలగించినారు’ దగ్గరికొచ్చేసరికి దీవెన ఆగింది. తల ఎత్తలేదు. గుక్క తిప్పుకుని మిగతాది చదివేసింది. విక్టోరియా మొత్తం విని, "బాగా రాశారండి" అంది. మాటలో వెటకారం లేదు. లైను నాలుగడుగులు కదిలింది, ఆమె కదిలింది.

ఇంక వెళ్ళిపోవచ్చు. రెండింటికి డెస్క్‌లో ఉండాలి, మధ్యలో చెయ్యాల్సిన పనులున్నాయి. గౌస్ మెట్ల దాకా నడిచాడు. అక్కడ స్తంభం పక్కన కాసేపు నిలబడ్డాడు. వెనక్కి వచ్చి, "ఒకసారి ఇటివ్వమ్మా" అని దీవెన చేతిలోంచి కాగితాలు తీసుకున్నాడు.

కిటికీ దిమ్మ మీద పెట్టి, ‘ఒక దినపత్రికలో’ అన్న మాట కొట్టేశాడు. పక్కన మార్జిన్లో, ఫ్యాక్స్ కాగితాల మీద దిద్దే చిన్న అక్షరాలతో రాశాడు. ‘ఈ శీర్షిక రాసినవాడు జనరేఖ ఏలూరు కార్యాలయంలో సబ్ ఎడిటర్ షేక్ గౌస్. క్యారేజీలు తిన్న పిల్లలకూ, తొట్టె నీటికీ సంబంధించిన వివరం వార్తలో ఉండగా దానిని తొలగించినవాడూ అతడే. విలేకరి తప్పు లేదు.’ సిరా ఆరేదాకా ఊది ఇచ్చేశాడు. దీవెన అక్కడే చదివింది, ఈసారి మనసులో. చదివి అమ్మ చెవిలో చెప్పింది. విక్టోరియా కొంగు సర్దుకుంది. అతన్ని చూడలేదు.

ఆమె వంతు వచ్చేసరికి పన్నెండు కావొచ్చింది. బల్ల దగ్గర గుమాస్తా కాగితం అందుకుని, అలవాటుగా మొదటి లైనూ చివరి లైనూ చూసి ముద్ర ఎత్తాడు. మార్జిన్ కనిపించి చెయ్యి ఆపాడు. అక్కడున్నది పెదాలతో చదివాడు.

"ఈ షేక్ గౌస్ ఎవరమ్మా?"

"నేనేనండి" అన్నాడు గౌస్, లైను పక్కనుంచి.

గుమాస్తా కళ్ళజోడులోంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఇలాంటిది అతనికి ఎప్పుడూ తగిలినట్టు లేదు. "మీరు అర్జీదారు వైపా? అర్జీ మీ మీదా? రిజిస్టర్లో ఏమని రాసుకోవాలి నేను?"

గౌస్ బల్ల దగ్గరికి జరిగాడు. నోరు తెరిచాడు.

"సాక్షి అండి" అంది విక్టోరియా.

గుమాస్తా రిజిస్టరు తిప్పి ఆమె పేరు ఎక్కించాడు. నంబరు వేసి, ముద్ర కొట్టి, రసీదు చింపి ఆమె చేతికిచ్చాడు. విచారణకి పంపుతామనీ, పిలిస్తే ఇద్దరూ రావాలనీ చెప్పాడు. తర్వాత అర్జీ గౌస్ వైపు తిప్పి, మార్జిన్ కింద మిగిలిన జాగా వేలితో చూపించాడు.

"సాక్షి అయితే ఇక్కడ సంతకం పెట్టండి. కింద ఇంటి అడ్రసు పూర్తిగా రాయాలి."

గౌస్ బల్ల మీదికి వంగి రాయడం మొదలుపెట్టాడు. జాగా చిన్నది. అక్షరాలు కుదించకుండా, ఇంటి నంబరు, వీధి పేరు, పవరుపేట, ఏలూరు, అంతా రాశాడు. పట్టనిది కాగితం వెనక్కి తిప్పి పూర్తి చేశాడు.